కుప్పం కుర్చీ

పాదాలు కడిగే పూజ ఉందంటే, పిలుపు అందినవాళ్ళు ముందే కాళ్ళు కడుక్కుని వస్తారు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, అయినా అందరికీ తెలుసు. ఏసుప్రభువు తాను పట్టుబడే ముందు శిష్యుల కాళ్ళు కడిగాడు గనక పెద్ద గురువుగారు పన్నెండుమంది కాళ్ళు కడగాలి. గురువుగారి చేతికి మట్టి అంటకూడదు గనక ఆ పన్నెండుమందీ పొద్దున్నే సబ్బుతో రుద్దుకుని, గోళ్ళు కత్తిరించుకుని, కొత్త చెప్పులు తొడుక్కుని రావాలి. గురువుగారు రెండు గుక్కల నీళ్ళు పోయించి, తువ్వాలుతో అద్ది, ముద్దుపెట్టి లేస్తారు. కడిగినట్టూ ఉంటుంది, కడగనట్టూ ఉంటుంది. ఈ ఏర్పాటు తెలిసి ఉంటే శిష్యుల్లో పెద్దవాడు పేతురు ఆ రోజు 'నా కాళ్ళు నువ్వు కడగడమేమిటి ప్రభూ' అని అంత గొడవ చేసేవాడు కాదు.

మదనపల్లెలో జరిగిన యువజన సమ్మేళనంలో ఈ కాళ్ళ బాధ్యత బ్రదర్ రాయప్ప మీద పడింది. రాయప్ప అంటే పేతురే. పాత కతోలికులు పేతురును అలా పిలుచుకునేవాళ్ళు. రామకుప్పం దగ్గరి పల్లెలో తాతకున్న పేరే మనవడికీ పెట్టారు. అది 2004, దసరా సెలవులు. ఖాళీగా ఉన్న బడి ఆవరణలో షామియానాలు లేచాయి. ఊరి పొలిమేరలోని మఠంలో గురువులయ్యేందుకు శిక్షణ పొందుతున్న కుర్రాళ్ళందరినీ వాలంటీర్లుగా దించారు. తెల్ల అంగీ, దాని మీద పసుపు రిబ్బను, రిబ్బను మీద 'సేవకుడు' అని అచ్చు. ఒకడు నీళ్ళ డ్రమ్ముల దగ్గర, ఒకడు సాంబారు బకెట్టు దగ్గర, ఒకడు చెప్పుల గుట్ట దగ్గర. గొంతు బాగుంటుందని వినోద్‌కు మైకు ఇచ్చారు. రాయప్పకు ఒక పళ్ళెం, ఒక చెంబు, తెల్ల తువ్వాళ్ళు, పన్నెండు కుర్చీలు ఇచ్చారు.

"నువ్వు నిదానస్తుడివయ్యా రాయప్పా. నీ చేతిలో పెడితే నాకు బెంగ ఉండదు," అన్నారు మాస్టర్ ఫాదర్.

మాస్టర్ ఫాదర్ అంటే ఫాదర్ శౌరయ్యగారు, మఠంలో కుర్రాళ్ళ శిక్షణ చూసే పెద్ద. గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు కాదు. జ్వరం వస్తే తానే గంజి కాచి తెచ్చి తాగించేవాడు. చెడ్డవాళ్ళతో పేచీ పడటం సులువు. గంజి తాగించిన చేతితో పేచీ పడటమే కష్టం.

ఆ చేతిలోనే రాయప్ప భవిష్యత్తు ఉంది. వచ్చే నెలలో అతని మొదటి మాటపట్టు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు మాటలు దేవుడి ముందు ఇచ్చి మఠంలో ఒకడు కావడం. ఆ తర్వాత చదువు, ఆ తర్వాత గురుపట్టం. మాస్టర్ ఫాదర్ సరే అంటే ఉంది, ఆగు అంటే లేదు.

రాయప్పకు ఆ గురుపట్టం ఎంత కావాలో చెప్పాలంటే వాళ్ళ పల్లె గుడి గురించి చెప్పాలి. రేకుల గుడి. కుప్పం నుంచి గురువుగారు నెలకొక్కసారి జీపులో వచ్చి పూజ చేసేవారు. పూజ నడుస్తున్నంతసేపూ గడియారం చూసుకునేవారు, ఇంకా రెండు పల్లెలు ఉన్నాయి పాపం. వానొస్తే వాగు అడ్డం, ఆ నెల పూజే లేదు. చిన్నప్పుడు రాయప్ప గుడి ఊడ్చి, కొవ్వొత్తులు నిలబెట్టి, వాగు వైపు చూస్తూ కూర్చునేవాడు. జీపు రాలేదని తెలిశాక వాళ్ళమ్మ రాములమ్మ కొవ్వొత్తులు ఆర్పేది. "రాకపోతే పోనీలే, నేనే ఫాదరై ఈడనే ఉంటా," అన్నాడట ఎనిమిదేళ్ళ వయసులో. అమ్మ దాన్ని ఊరంతా చెప్పుకుంది. అప్పటి నుంచీ ఆ మాట అతన్ని వదల్లేదు, అతనూ దాన్ని వదల్లేదు.

సరే, కుర్చీల సంగతి. సమ్మేళనానికి పన్నెండు విచారణల నుంచి పిల్లలు రావాలి. విచారణ అంటే ఒక గుడి, దాని కింద ఉన్న పల్లెలు. విచారణకు ఒక కుర్చీ, కుర్చీకి వెనక ఊరి పేరు రాసిన అట్టముక్క, కుర్చీలో ఆ ఊరి కుర్రాడు. సమ్మేళనం చివరి రోజు పెద్ద పూజలో మఠాలన్నిటికీ పెద్దయిన ప్రొవిన్షియల్ ఫాదర్ వచ్చి ఆ పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. రాయప్ప కుర్రాళ్ళను ఎంచాడు, గోళ్ళు చూశాడు, సబ్బు బిళ్ళలు పంచాడు. తోటి బ్రదర్లు అతనికి 'పాదాల బ్రదర్' అని పేరు పెట్టారు. భోజనాల దగ్గర కాళ్ళు చాపి చూపించి "ఇవి పరలోకానికి పనికొస్తాయా బ్రదర్?" అని ఏడిపించారు. రాయప్ప కూడా నవ్వాడు.

పదకొండు కుర్చీలు నిండాయి. కుప్పం కుర్చీ ఖాళీ. కుప్పం విచారణ నుంచి రావలసింది రామకుప్పం వైపు పిల్లలే, అంటే రాయప్ప ఊరివాళ్ళే. మొదటి రోజు రాలేదు, రెండో రోజూ రాలేదు.

చివరి రోజు పొద్దున మాస్టర్ ఫాదర్ ఒక కుర్రాణ్ణి భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చారు. పేరు లోహిత్. పుంగనూరు విచారణ పెద్ద జయచంద్రగారి మేనల్లుడు. ఆ మూడు రోజులూ అందరికీ భోజనాలు పెట్టిస్తున్నది జయచంద్రగారే.

"వీణ్ణి ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టు. పన్నెండుకి ఒకటి తగ్గితే బాగుండదు," అన్నారు.

"అది కుప్పం కుర్చీ ఫాదర్. పుంగనూరుకి ఒకటి ఉందిగదా."

"అట్టముక్క ఎవరు చదువుతారయ్యా?"

నిజమే, ఎవరు చదువుతారు? రాయప్ప లోహిత్ కాళ్ళు చూశాడు. తెల్లగా, మెత్తగా, ఇంకా సబ్బు వాసన వేస్తూ ఉన్నాయి. కూర్చోబెట్టాడు. కుప్పం అని తన చేత్తో రాసిన అట్టముక్కను తన చేత్తోనే సరిచేసి ఆ పిల్లవాడి వెనక నిలబెట్టాడు. ఆ పని చేసేటప్పుడు అతనికి ఏమీ అనిపించలేదు. ఈ సంగతి దాచి అతన్ని మహాత్ముణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు.

పూజకు ఇంకా కొంచెం పొద్దుండగా గేటు దగ్గర టమాటాల ఐచరు ఒకటి ఆగింది. మదనపల్లె మార్కెట్టుకు పోయే బండి. టమాటా బుట్టల మధ్య నుంచి పదిమంది దూకారు. ముందు దూకింది సుష్మ, రాయప్ప చెల్లెలు. డిగ్రీ చదువుతున్న పిల్ల, ఊరి యువజన సంఘానికి పెద్ద. వెనక నరేష్, మిగతా కుర్రాళ్ళు. అందరి కాళ్ళకూ మోకాళ్ళ దాకా ఎర్రమట్టి ఎండి పెచ్చులు కట్టి ఉంది. నరేష్ బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడు.

రాయప్ప పరుగెత్తాడు. "యాల ఇంత లేటు?"

"ఏనుగులన్నా," అన్నాడు నరేష్. "రాగి చేన్లలో పడి తొక్కతాండాయి. వాన. మూడు పల్లెలోళ్ళమూ టపాకాయలు కాల్చుకుంటా, డబ్బాలు కొట్టుకుంటా తరమతాండాం. ఈ పొద్దుగాని అడివి పట్టలే అవి."

"నాయిన రావద్దనె," అంది సుష్మ. "అమ్మేమో, మీరన్నా పోండి, అన్న ఎదురుసూస్తా ఉంటాడు అనింది. పలమనేరులో బస్సు పోయె. ఈ బండి పట్టుకొని వస్తిమి."

రాయప్ప వాళ్ళ ముఖాలు చూడలేదు. కాళ్ళు చూశాడు. రెండు రోజులుగా అదే పని మరి, కళ్ళు అటే పోయాయి.

"సరే సరే. ముందు ఆ కొళాయి కాడికి పోయి కాళ్ళు కడుక్కోండి. ప్రొవిన్షియల్ ఫాదర్ వస్తాండారు," అన్నాడు.

సుష్మ కదల్లేదు. అన్న చంకలో ఉన్న పళ్ళెం వైపు చూసింది. "ఆ పళ్ళెం దేనికి?"

"పాదాలు కడిగేదానికి. విచారణకి ఒకరివి."

"మాది ఉండాదా?"

రాయప్ప జవాబు చెప్పేలోపే ఆమె వేదిక వైపు చూసింది. పెద్ద అక్షరాలు, దూరానికే కనబడుతున్నాయి. అట్టముక్కలు ఎవరు చదువుతారంటే, ఆ ఊరివాళ్ళు చదువుతారు.

"కుప్పం అని రాసి ఉండాదే. ఆ పిల్లోడు ఎవరు? మా పక్క యాడా సూడలేదే."

"పుంగనూరు."

"మా పేరు పెట్టి పుంగనూరోళ్ళ కాళ్ళు కడుగుతారా?"

"మీరు రాలేదు గదా సుష్మా. కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని..."

"ఇప్పుడు వస్తిమి గదా."

సుష్మ దగ్గర మాటకు ఎప్పుడూ కరువు లేదు. "వడ్డించేవాడు మనోడైతే కడపంక్తిలో కూసున్నా ఒకటే అంటారు. ఈడ వడ్డించేవాడు మనోడే. మనకి విస్తరే లేదు," అంది. కుర్రాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇంగొకటి చెప్పన్నా. కాళ్ళు కడుక్కొని రమ్మంటాండావు. మేమే కడుక్కుంటే ఇంక ఆయన కడిగేదానికి ఏముండాది?"

ఈ ప్రశ్న రెండేళ్ళ శిక్షణలో రాయప్పను ఎవరూ అడగలేదు. సబ్బు బిళ్ళలు పంచినప్పుడు తనను తాను కూడా అడుక్కోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చెల్లెలి మీద కోపం కూడా వచ్చింది. సిగ్గు పట్టినవాడికి ముందు వచ్చేది కోపమే. ఆ కోపంతోనే మాస్టర్ ఫాదర్ దగ్గరికి పోయాడు.

"ఫాదర్, కుప్పం వాళ్ళొచ్చారు."

"మంచిది. వెనక షామియానాలో కూర్చోబెట్టు. టిఫిను మిగిలి ఉంటే పెట్టించు."

"వాళ్ళ కుర్చీ, ఫాదర్..."

మాస్టర్ ఫాదర్ అతని భుజం మీదుగా గేటు వైపు చూశారు. "ఆ కాళ్ళు చూశావా? ప్రొవిన్షియల్ ఫాదర్‌గారికి డెబ్బై ఏళ్ళు. ఆయన ఆ మట్టి కడగాలా? ఇంతా చేసి జయచంద్రగారి మేనల్లుణ్ణి అందరి ముందు లేపాలా? మధ్యాహ్నం ఆయన పెట్టే అన్నమే గదయ్యా మీ కుప్పం వాళ్ళు కూడా తినేది!" ఆ తర్వాత గొంతు తగ్గించి, ప్రేమగా, "మాటపట్టు ముందు దేవుడు ఇట్లాంటి చిన్న పరీక్షలే పెడతాడు రాయప్పా. విధేయత. ఇంకొక్క నెల," అన్నారు.

ఇంకొక్క నెల. రాయప్ప వెనక్కి వచ్చి తన వాళ్ళను చివరి షామియానాలో కూర్చోబెట్టాడు. దాని పైగుడ్డ చాలక సగంమంది ఎండలోనే ఉన్నారు. సుష్మ అటు తిరిగి నరేష్ వేలికున్న గుడ్డ బిగించింది. ఏమైనా అని ఉంటే అతనికి తేలికగా ఉండేది.

పూజ మొదలైంది. ప్రొవిన్షియల్ ఫాదర్ సేవ గురించి చక్కగా ప్రసంగించారు. వచ్చినవాడు ఏలడానికి రాలేదు, సేవ చేయడానికి వచ్చాడు అన్నారు. జయచంద్రగారు ముందు వరసలో తలాడించారు. తర్వాత పెద్దాయన పైవస్త్రం తీసి, నడుముకు తువ్వాలు కట్టుకుని, మెత్త మీద మోకాళ్ళు ఆనించారు. ఒక పక్క వినోద్ మైకు పట్టుకుని, ఇంకో పక్క రాయప్ప చెంబు పట్టుకుని నడిచారు. గాయక బృందం పాట ఎత్తుకుంది.

మదనపల్లె కాళ్ళు. కలికిరి కాళ్ళు. పుంగనూరు కాళ్ళు. రాయప్ప చెంబు వంచడం, పెద్దాయన అద్దడం, ముద్దుపెట్టడం, లేవడం. పళ్ళెంలో నీళ్ళు తాగడానికి పనికొచ్చేంత తేటగా ఉన్నాయి. ఒక్కో కుర్చీ దాటుతుంటే రాయప్ప చివరి కుర్చీ వైపు చూశాడు. ఏం చేయమంటావని దేవుణ్ణి అడిగాడు. దేవుడు మాట్లాడలేదు. ఇట్లాంటప్పుడు ఆయన మాట్లాడడు, మన నోరు మనకే వదిలేస్తాడు.

చివరిది కుప్పం కుర్చీ. లోహిత్ కొత్త చెప్పులు విడిచి కాళ్ళు పళ్ళెం మీద పెట్టాడు. ప్రొవిన్షియల్ ఫాదర్ వంగారు. చేతులు చాచారు.

నీళ్ళు పడలేదు.

"నీళ్ళు, బ్రదర్," అన్నారు పెద్దాయన నెమ్మదిగా.

రాయప్ప చెంబు రెండు చేతులతో రొమ్ముకు ఆనించుకున్నాడు. "ఈ కాళ్ళు కుప్పంవి కావు ఫాదర్."

పక్కనే మైకు ఉంది. బడి ఆవరణలో కట్టిన పెట్టెలన్నిట్లోనూ ఆ మాట వినబడింది. వినోద్ కావాలంటే మైకు పక్కకు తిప్పేయొచ్చు. వాడు తిప్పలేదు. పాట మధ్యలో ఆగిపోయింది.

"ఏమిటి నాయనా?"

"ఈ కుర్చీ కుప్పంది. ఈ కాళ్ళు పుంగనూరువి." మఠంలో నేర్చుకున్న మెత్తటి తెలుగు నోట్లోంచి జారిపోయింది. అమ్మ నేర్పిన తెలుగే మిగిలింది. "కుప్పమోళ్ళు వచ్చుండారు ఫాదర్. ఏనుగుల్ని తరుముకోని, టమాటా బండిలో వచ్చుండారు. ఆ కడపట ఎండలో కూసోనుండారు. అట్టముక్క ఈడ పెట్టింది నేనే. నాదే తప్పు. ఇంగ నీళ్ళు పోసేదానికి నాకు చెయ్యి రాదు."

పక్కన నిలబడిన మాస్టర్ ఫాదర్ ముఖం తెల్లబోయింది. "రాయప్పా, నీళ్ళు పొయ్యి," అన్నారు పళ్ళ బిగువున. ముందు వరసలో జయచంద్రగారు లేచారు. "ఏందప్పా ఇది? పూజనా, పంచాయితీనా?" అని అరిచారు.

వేల కళ్ళు తన మీదే ఉన్నాయని రాయప్పకు తెలుసు. మాటపట్టు కళ్ళముందే జారిపోతున్నదని కూడా తెలుసు. చెంబు మాత్రం వంచలేదు.

లేచింది లోహిత్. "నేను లేస్తాలే బ్రదర్. మామ కూసోమనె, కూసుంటి," అన్నాడు చెప్పులు వెతుక్కుంటూ. ఆ పిల్లవాడి మీద ఎవరికీ కోపం రాలేదు. చెప్పులు చేతబట్టుకుని మామ పక్కకు పోకుండా పుంగనూరు పిల్లల మధ్యకు పోయి కూర్చున్నాడు.

ప్రొవిన్షియల్ ఫాదర్ మోకాళ్ళ మీదే ఉన్నారు. లేచి వెళ్ళిపోవచ్చు. కానీ ఎదురుగా ఖాళీ కుర్చీ, వెనక అంత జనం, సేవ గురించి చెప్పిన ప్రసంగం ఇంకా చల్లారలేదు. "వాళ్ళలో ఒకణ్ణి రమ్మను," అన్నారు.

చివరి షామియానాలో కలకలం. ఆ రోజుల్లో ఆడవాళ్ళ కాళ్ళు ఈ పూజలో కడిగేవాళ్ళు కారు. "నన్ను రానీరంట, ఆడదాన్ని గదా. ఆ లెక్క ఇంగొకసారి తేల్చుకుందాం. నరేషా, నువ్వు పో. కాళ్ళు మటుకు తుడుసుకోవద్దు," అని సుష్మ తోసి పంపిందని తర్వాత తెలిసింది. నరేష్ కుంటుకుంటూ మధ్యదారిలో నడిచి వచ్చాడు. వేదిక మీది తెల్ల తివాచీ పొడుగునా ఎర్రటి అడుగులు పడ్డాయి. కుర్చీలో కూర్చున్నాడు.

రాయప్ప చెంబు వంచాడు.

ఎండిన మట్టి రెండు గుక్కల నీళ్ళకు దిగుతుందా? దిగలేదు. ఇంకో చెంబు పోశాడు. పెద్దాయన బొటనవేలితో రుద్దారు. పళ్ళెం ఎర్రబడింది. గాయక బృందం పాట మళ్ళీ ఎత్తుకుంది, అయిపోయింది, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. వేలికి చుట్టిన గుడ్డ విప్పి నీళ్ళు పోయగానే నరేష్ "అబ్బా, మంట!" అన్నాడు. మైకులో అది కూడా వినబడింది. జనం గొల్లుమన్నారు. పెద్దాయన కూడా నవ్వి, "ఓర్చుకో నాయనా, మొదటిసారి నిజంగా కడుగుతున్నాను," అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. తెల్ల తువ్వాలు మళ్ళీ తెల్లబడలేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. జరిగింది అంత తియ్యగా లేదు.

భోజనాలు జరిగాయి. జయచంద్రగారు అన్నం పెట్టడం మానలేదు, మానితే పరువు ఏమవుతుంది? సాయంత్రం మాస్టర్ ఫాదర్ రాయప్పను తన గదికి పిలిచారు.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. చెప్పిన తీరు విధేయత కాదు. జయచంద్రగారి ఇంటికి వెళ్ళి తప్పయిందని చెప్పు. అంతటితో వదిలేస్తాను. మాటపట్టు అనుకున్న రోజునే అవుతుంది," అన్నారు.

"తప్పు చేశాను ఫాదర్. కుప్పం పేరు పుంగనూరు వీపుకి ఆనించాను. దానికి కుప్పం వాళ్ళకి తప్పయిందని చెప్పినాను. అందరూ విన్నారు. ఆయనకి చెప్పను."

"ఒక్క మాటే గదయ్యా."

"ఒక్క మాటే ఫాదర్. అందుకే చెప్పను."

మాస్టర్ ఫాదర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాయప్పకు అది కనబడింది, అందువల్ల ఇంకా కష్టమైంది. "అయితే ఒక ఏడాది ఇంటి దగ్గర ఉండు. బుద్ధి కుదురుతుంది," అన్నారు చివరికి.

మర్నాడు రాయప్ప అంగీ విప్పి మడిచి అలమారలో పెట్టి, ప్యాంటు చొక్కా వేసుకుని పలమనేరు బస్సెక్కాడు. గేటు దాకా వచ్చిన వినోద్ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు మైకు తిప్పలేదు. అది చాలులేరా," అన్నాడు రాయప్ప.

ఇంటి గడప దగ్గర అమ్మ అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. "నీ అంగీ యాడ?"

"మఠంలోనే ఉండాది."

"దేవుడో?"

"నాతోనే వచ్చుండాడమ్మా."

రాములమ్మ సంగటి పెట్టింది. ఆ తర్వాత ఇంటి వెనక్కి పోయి ఏడ్చింది, కొడుకు విన్నాడు. ఎనిమిదేళ్ళప్పటి మాట ఊరంతా చెప్పుకున్న తల్లి ఆమె.

కొన్నాళ్ళకు మఠం పత్రికలో ఫొటో పడింది. ప్రొవిన్షియల్ ఫాదర్ మట్టికాళ్ళ మీద వంగి ఉన్నారు. కింద 'వినయానికి నిలువుటద్దం' అని రాశారు. రాయప్ప ముఖం లేదు. చెంబు, చెంబు పట్టుకున్న చెయ్యి ఉన్నాయి. అమ్మ దాన్ని కత్తిరించి ఏసు తిరుహృదయం పటం పక్కన అన్నం మెతుకులతో అంటించింది. వచ్చినవాళ్ళకల్లా చూపించేది. "అయ్యవారు ఎవరో నాకు తెలీదు. ఆ చెయ్యి మటుకు నా కొడుకుది," అనేది.

ఏడాది గడిచింది. రాయప్ప చేను దున్నాడు, ఏనుగుల్ని తరిమాడు. జీపు రాని ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి వాక్యం చదివాడు. అంగీ లేకుండానే ఆ పని నడిచింది. అయినా ఆదివారం సాయంత్రం కొవ్వొత్తులు ఆర్పేటప్పుడు కళ్ళు వాగు వైపు పోయేవి. అతనికి ఆ మఠం కావాలి. ఆ పూజ కావాలి. అబద్ధం ఎందుకు, రోజూ కావాలి.

మరుసటి ఏడు సమ్మేళనం పుంగనూరులో జరిగింది. కుప్పం పిల్లలు ఈసారి ముందే వచ్చారు. సుష్మ దగ్గరుండి అందర్నీ బండెక్కించింది. కుర్చీలో ఎవరు కూర్చోవాలని అడిగితే పిల్లలందరూ రాయప్ప వైపే చూపించారు. పెద్ద పూజ రోజు పొద్దున వాన పడింది. బస చేసిన చోటు నుంచి అతను బురదలో నడిచి వచ్చాడు.

చెంబు, పళ్ళెం ఈసారి వినోద్ చేతిలో ఉన్నాయి. మాటపట్టు అయినవాడు, నడుముకు నల్లతాడు కట్టుకుని హుందాగా ఉన్నాడు. కుర్చీల వెంట వరసగా కాళ్ళు చూసుకుంటూ వచ్చి చివరి కుర్చీ దగ్గర ఆగిపోయాడు.

"రాయప్పా, కడుక్కోలేదా?"

"లేదురా."

"ఈసారి కడిగేది మాస్టర్ ఫాదరే."

"తెలుసు. అందుకే కడుక్కోలేదు."

వినోద్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. ఇంకో చెంబు నీళ్ళు తెచ్చి కుర్చీ కింద పెట్టుకున్నాడు.

పూజలో మాస్టర్ ఫాదర్ ఒక్కో కుర్చీ ముందూ వంగి లేచి చివరికి వచ్చారు. ఏడాదిలో జుట్టు బాగా నెరిసింది. మోకాళ్ళు ఆనించి తలెత్తారు. రాయప్ప కాళ్ళు చూశారు, ముఖం చూశారు. మైకు దూరంగా ఉంది. ఆయన గొంతు రాయప్పకు, వినోద్‌కు మాత్రమే వినబడింది.

"నీ అంగీ అలమారలోనే ఉంది రాయప్పా. నేనే ఉతికించి పెట్టాను. తప్పయిందని ఒక్క మాట చెప్పు నాయనా. రేపే వచ్చేయ్."

ఏడాది పొడుగునా ఈ పిలుపు కోసమే అతను ఎదురుచూశాడు. గంజి తాగించిన చేతులు అవే, ఎదురుగా చాచి ఉన్నాయి. రాయప్ప కళ్ళు తుడుచుకోలేదు. కాళ్ళు రెండూ పళ్ళెంలో గట్టిగా ఆనించాడు.

"ముందు కడగండి ఫాదర్. మాటలు తర్వాత."

వినోద్ ఎవరూ చెప్పకముందే చెంబు వంచాడు. మాస్టర్ ఫాదర్ కడగడం మొదలుపెట్టారు. మట్టి దిగడానికి చాలాసేపు పట్టింది.